తలుపు దగ్గరి మాట

లోసా ప్రతి ఉదయం ఏడింటికి ఆఫీసు తాళం తీసేది. సంచీ కుర్చీకి తగిలించి, కంప్యూటర్ ముందు కూర్చుని, సర్వర్ తలుపు తట్టేది. పాస్‌వర్డ్ అడగకముందే నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చేవి.

"రండి, తిందాం.
రేపు వస్తున్నా. పలుసామి ఉంచు."

మొదటి వరుసలో విచిత్రమేమీ లేదు. మా దగ్గర అరుగు మీద తింటున్నవాళ్లు దారిన పోయేవాళ్లని అలాగే కేకేస్తారు, పోయేవాళ్లు ఇప్పుడే తిన్నామని చెప్పి సాగిపోతారు. రెండో వరుస రాసిన ఫెరెటి చనిపోయి మాత్రం అప్పటికి మూడేళ్లయింది. ఆ వరుస మొత్తం చదివాకే లోసా పాస్‌వర్డ్ కొట్టేది. చదవకుండా ఏ రోజూ పని మొదలుపెట్టలేదు.

మా దీవుల రాజధాని అపియాలో కొబ్బరి రైతుల సంఘం ఆఫీసంటే పైకి చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. కింద నూనె పీపాలు, పైన నాలుగు గదులు, మెట్ల మీద ఎప్పుడూ తడి. ఇరవై ఆరేళ్ల క్రితం లోసా అక్కడ ఎండుకొబ్బరి తూకాలు రాసే గుమస్తాగా చేరింది. కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్లు దూరం జరిగారు, ఈమె దగ్గరికి జరిగింది. అంతే తేడా. నేర్పినవాడు ఫెరెటి. సవాయి దీవిలో సఫోతు ఊరివాడు, పొడుగు మనిషి, పెళ్లి చేసుకోలేదు. నోరు తెరిచి మాట్లాడితే ఏదో అరిగిపోతుందన్నట్టు ఉండేవాడు. లోసా కూడా పెళ్లి చేసుకోలేదు. ఆఫీసులో వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపినా ఒక ఆదివారం ప్రసంగమంత ఉండవు.

కానీ తలుపు దగ్గర రాసేవాడు. రోజూ సాయంత్రం ఇంటికెళ్లేముందు ఆ రెండో వరుస మార్చి వెళ్లేవాడు. "వాన పడేలా ఉంది, బట్టలు తీసెయ్." "మాత్రలు వేసుకున్నావా?" "కొత్త పాట పాడారు గుడిలో. నువ్వుంటే నవ్వేదానివి." తొమ్మిదేళ్లు అలా రాశాడు. ఆ సర్వర్‌లోకి రోజూ వెళ్లేది ఇద్దరే, ఫెరెటి, లోసా. తనకి తానే రాసుకునేంత పిచ్చివాడు కాదు కదా. లోసాకి చక్కెర జబ్బు, మాత్రలు వేసుకోవాల్సిందే. తడి మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నంత పని చేసినప్పుడు, మర్నాడు తెర మీద "మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కకు" అని ఉంది. ఇంకేం కావాలి? ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

ఒక బుధవారం టీ దగ్గర లోసా ఎవరితోనో అంది, తన ఊరు ఫలేఆసియులో తనలా పలుసామి చేసేవాళ్లు లేరని. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టి కాల్చడంలో ఉంటుంది అసలు సంగతంతా. ఫెరెటి కప్పులోంచి తలెత్తి, "ఎప్పుడైనా తినాలి" అన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రం తెర మీద ఆ వరుస వచ్చింది. రేపు వస్తున్నా. పలుసామి ఉంచు.

శనివారం లోసా పొద్దున్నే లేచి వండింది. కొత్త బట్టలు కట్టుకుంది. చాప దులిపి పరిచింది. మధ్యాహ్నం దాటాక ఫోనొచ్చింది, ఫెరెటి బండి సతపువాలా మలుపులో తిరగబడిందని, అక్కడికక్కడే పోయాడని.

అపియా నుంచి పడమటి రోడ్డు పట్టుకుంటే ముందు ఫలేఆసియు వస్తుంది, తర్వాతే సతపువాలా. అంటే అతను లోసా ఇంటి మలుపు దాటి ముందుకెళ్లాక చనిపోయాడు. మూడేళ్లుగా ఈ ఒక్క ముల్లు ఆమెకి గుచ్చుకుంటూనే ఉంది. సవాయి వెళ్లే ఓడ అదే రోడ్డు చివర ఎక్కుతారు, ఊరికి వెళ్తున్నానని ఆఫీసులో చెప్పాడు కూడా. నలుగురి ముందూ ఏదో ఒకటి చెప్పాలిగా, అందుకని చెప్పుంటాడనుకుంది లోసా. మలుపు గుర్తుపట్టక దాటేసి ఉంటాడు. వట్టి చేతులతో రావడం ఇష్టం లేక ముందు కొట్లో ఏదో కొనబోయి ఉంటాడు. ఇలా ఎన్ని కారణాలు అల్లుకుందో లెక్కలేదు. అంత్యక్రియలకి సంఘం బస్సులో అందరితోపాటు సఫోతు వెళ్లి, వెనక వరుసలో కూర్చుని వచ్చింది. ఫెరెటి తల్లిని దూరం నుంచి చూసింది. బొత్తిగా చెవుడు, పలకరించినా వినపడదన్నారు. ఆ తర్వాత తన ఊరు దాటి పడమటికి మళ్లీ వెళ్లలేదు.

ఆ వరుసని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ముట్టుకోక తప్పని రోజు సర్వర్ మూలంగానే వచ్చింది. కిందటేడు ఎవడో దొంగ సర్వర్‌లోకి దూరి, అయిదు వందల మంది రైతుల తూకాల చిట్టాకి నాలుగు రోజులు తాళం వేశాడు. ఎలాగో తిరిగి తెచ్చుకున్నారు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని సంఘం ఆక్లండ్ నుంచి బ్రిజిట్ అనే పరిశీలకురాలిని పిలిపించింది. ఎర్రజుట్టు మనిషి. ఉక్కకి పాపం ముఖమంతా కందిపోయింది. కానీ పనిలో రాయిలాంటిది. మొదటిరోజే లోసా పక్కన కుర్చీ లాక్కుని తెర వంక చూసింది.

"ఇదేంటి? ఏం రాసుందిక్కడ?"

లోసా చెప్పింది.

బ్రిజిట్ కళ్లజోడు తీసింది. "అంటే మీ సర్వర్ దొంగని భోజనానికి పిలుస్తోందన్నమాట."

తలుపులో నిలబడి వింటున్న మేనేజరు పెరెలిని పొట్ట పట్టుకుని నవ్వాడు. భారీ మనిషి అతను. నవ్వితే మెట్లు కూడా కదులుతాయి. "మా దగ్గర అందర్నీ పిలుస్తామమ్మా. వచ్చి కూర్చునేవాడే ఉండడు, అదీ ధైర్యం."

"ఆ వచ్చినవాడు నాలుగు రోజులు కూర్చున్నాడు కదండీ," అంది బ్రిజిట్. "రేపు వాడు దొరికి కోర్టుకెక్కితే వాడి వకీలు ఏమంటాడు? నన్ను రమ్మన్నారు, వెళ్లాను అంటాడు. వద్దని ఎక్కడైనా రాశారా అని అడుగుతాడు. తలుపు దగ్గర నాలుగు మాటలు చాలు. అనుమతి లేనివాళ్లు లోపలికి రాకూడదు. ఇక్కడ చేసే ప్రతి పనీ నమోదవుతుంది. తప్పు చేస్తే పోలీసులకి అప్పగిస్తాం. ఇష్టం లేకపోతే వెళ్లిపోండి. సంఘం పేరొద్దు, యంత్రం పేరొద్దు, పలకరింపులొద్దు. శుక్రవారం కల్లా పెట్టండి."

"ఆ రెండో వరుస…" అంది లోసా.

"ఎవరు రాశారు?"

"పోయినాయన."

బ్రిజిట్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఆమె చెడ్డ మనిషేం కాదు. "క్షమించండి. కానీ అది తలుపు," అంది.

అది నిజమేనని లోసాకి తెలుసు. ఇరవై ఏళ్లు సర్వర్ కాచినదానికి ఆమాత్రం తెలియదా? తెలిసినందుకే ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు బ్రిజిట్ ఇంకో పని చెప్పింది. తలుపు దాకా ఎవరెవరు వస్తున్నారో చిట్టా మొత్తం తియ్యమంది. లోసా ఏళ్ల తరబడి చూసేది ఒక్కటే, తప్పు పాస్‌వర్డ్ కొట్టినవాళ్లని. వచ్చి, తలుపు దగ్గర నిలబడి, పాస్‌వర్డ్ జోలికే పోకుండా వెళ్లిపోయినవాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. అది ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసే తప్పే. ఈసారి వాళ్లని కూడా కలిపి తీసింది.

తీశాక తెర ముందు నుంచి లేవలేకపోయింది.

ప్రతి సాయంత్రం, ఆరింటికి పది నిమిషాలుందనగా, ఎవరో వస్తున్నారు. మూడు నాలుగు నిమిషాలు తలుపు దగ్గర ఉంటున్నారు. ఏమీ కొట్టరు. వెళ్లిపోతారు. నెల వెనక్కి చూసింది, ఏడాది వెనక్కి చూసింది. ఫెరెటి పోయిన మరుసటి వారం దాకా చూసింది, అన్నాళ్లూ ఉంది. అంతకుముందు చిట్టా చెరిగిపోయింది. ఎక్కడి నుంచి అని వెతికితే ఫోను కంపెనీ వాళ్ల నెంబరు, రోజుకొకటి మారుతుంది. తెలిసిందల్లా అది సవాయి వైపు నుంచి వస్తోందని.

"ఆదివారాలు లేదు చూడు," అన్నాడు పెరెలిని భుజం మీంచి తొంగి చూసి. "చచ్చాక కూడా ఆదివారం పాటిస్తున్నాడు ఫెరెటి. బతికున్నప్పుడు ఇంత భక్తి ఎక్కడిది వాడికి?"

"ఊరుకో అన్నా."

"సవాయి నుంచి రోజూ రావడం, పోవడం. ఓడ టికెట్ కూడా అక్కర్లేదు." ఇంత నవ్వించినవాడూ ఆ సాయంత్రం అయిదున్నరకే ఇంటికి జారుకున్నాడు. వెళ్తూ మెట్ల మీద లైటు వేసిపోయాడు.

లోసా ఉండిపోయింది. బుధవారం అది. పొద్దు వాలే వేళ ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఉండకూడదని మా అమ్మమ్మలు చెప్తారు, పోయినవాళ్లు చూస్తారట. ఎన్నడూ పట్టించుకోనిది, ఆ రోజు లోసా ముడి విప్పి మళ్లీ బిగించి కట్టుకుంది. కిటికీలోంచి రేవు నీళ్లు ఎర్రగా కనిపిస్తున్నాయి. తెర మీద చిట్టా తెరిచి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అయిదూ యాభైకి ఒక వరుస కదిలింది. వచ్చారు.

లోసా తెర దగ్గరికి వంగింది. అటువైపు ఎవరో ఆ రెండు వాక్యాలూ చదువుతున్నారు, సరిగ్గా ఇప్పుడు. "ఫెరెటీ," అంది మెల్లిగా, ఖాళీ గదిలో. "నేను ఇక్కడే ఉన్నా. పలుసామి ఉంచాను ఆ రోజు. ఎందుకు దాటి వెళ్లిపోయావు?"

మూడు నిమిషాలు. చిట్టాలో ఇంకో వరుస కదిలింది. వెళ్లిపోయారు.

మర్నాడు బ్రిజిట్‌కి చెప్తే ఆమె నవ్వలేదు, భయపడనూ లేదు. "పోయినవాళ్లు ఇంటర్నెట్లో రారు లోసా. అయితే ఏదో యంత్రం. లేకపోతే దొంగే, రోజూ వచ్చి తలుపు గట్టిదో కాదో చూసుకుని పోతున్నాడు. ఏదైనా సరే, చూస్తున్నామని తెలియనివ్వండి."

దొంగ అన్న మాట లోసా లోపలికి దిగింది. దెయ్యమైతే సర్దుకుపోయేది, అది తన మనిషి దెయ్యమే కదా. కానీ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన వాక్యాన్ని, తనకని రాసిన వాక్యాన్ని, మూడేళ్లుగా రోజూ వచ్చి చదివిపోతున్నాడా? ఒంటికి కారం రాసినట్టయింది. అంత కోపం ఆమెకి జన్మలో ఎప్పుడూ రాలేదు.

కొబ్బరి కొట్టాల నుంచి అప్పుడప్పుడు ఇందులోకి వచ్చేవాళ్లకి ఇంగ్లీషు రాదు కాబట్టి హెచ్చరికని మా భాషలో రాయాల్సిన పని లోసాదే. శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని రాసింది. బ్రిజిట్ ఇచ్చిన నాలుగు వాక్యాలూ రాసింది. కోర్టు మాటలన్నీ వెతికి వెతికి, బరువైనవే పెట్టింది. అయిదో వాక్యం ఎవరూ ఇవ్వలేదు, సొంతంగా చేర్చింది. "ప్రతి సాయంత్రం ఇక్కడికి వచ్చే నిన్ను చూస్తూనే ఉన్నాం."

తర్వాత పాత రెండు వరుసల్నీ తుడిచేసింది. తుడిచేటప్పుడు ఏడ్చింది. ఆ కాస్తా ఆఫీసులో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం అయిదూ యాభైకి వచ్చారు. నిమిషం కూడా ఉండలేదు, వెళ్లిపోయారు. మళ్లీ వచ్చారు. వెళ్లారు. మళ్లీ. అలా తొమ్మిదిసార్లు. దారి తప్పిన మనిషి అదే గుమ్మం ముందు తిరిగినట్టుంది ఆ చిట్టా. తొమ్మిదోసారి పదకొండు నిమిషాలు ఉన్నారు. తర్వాత వెళ్లిపోయారు.

శనివారం రాలేదు. దొంగ భయపడ్డాడని సంతోషించాలి మరి. లోసా ఇంట్లో ఫోనులో చిట్టా తెరిచి కూర్చుని, గడియారం ఆరు దాటడం చూసింది. సాయంత్రం ప్రార్థనకి ఊళ్లో శంఖం ఊదారు, వీధిలో నడిచేవాళ్లు ఆగిపోయారు. ఫెరెటిని రెండోసారి పోగొట్టుకున్నట్టనిపించింది. ఈసారి చేతులారా.

సోమవారం బస్సు దిగి ఆఫీసు వైపు తిరిగేసరికి జనం గుమిగూడి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మెట్లకి ఎదురుగా, కంకర మీద, ఎవరో కూర్చుని ఉన్నారు. తల నుంచి మోకాళ్ల దాకా సన్నచాప కప్పుకుని ఉన్నారు, లోపలి మనిషి కనిపించడం లేదు. వెనక ఒక ముసలాయన, ఇద్దరు మగవాళ్లు తలలు వంచుకుని నేల మీద కూర్చున్నారు.

ఇఫోగా. మావాళ్లకి ఒళ్లు జలదరించే దృశ్యం అది. ఎవరి వల్లనైనా ఎవరికైనా ఘోరం జరిగితే, తప్పు చేసినవాళ్లు తెల్లవారకముందే వచ్చి, ఇంట్లో ఉన్న అతి విలువైన చాప కప్పుకుని, ఎదుటివాళ్ల గుమ్మం ముందు కూర్చుంటారు. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో అలాగే ఉంటారు. పూర్వం చాప ఎత్తకుండా నరికినవాళ్లు కూడా ఉన్నారట. మనిషి ప్రాణం పోయినప్పుడు చేసే పని అది. కొబ్బరి ఆఫీసు ముందు చేసే పని కాదు.

పెరెలిని మెట్ల మీద చెమటలు కక్కుతున్నాడు. నవ్వు మాటే లేదు.

"నాలుగున్నర నుంచి ఉన్నారట. వాచ్‌మన్ వణికిపోయాడు. మనకేం చేశారే వీళ్లు? ఎవర్ని చంపారు?"

"ఎవరు అన్నా వాళ్లు?"

"సఫోతు వాళ్లు. వెనక కూర్చున్న పెద్దాయన ఫెరెటి మేనమామ. సాయంత్రాలు వచ్చింది మేమే, మమ్మల్ని మన్నించండి అంటున్నాడు. ఆ చిట్టాలో వచ్చినవాళ్లేనా? దానికి ఇంతదాకా ఎందుకు? నాకేం అర్థం కావట్లేదు."

లోసాకి అర్థమైంది.

"మేనేజర్‌వి నువ్వు. నువ్వే ఎత్తాలి," అంది ఎలాగో.

"బెదిరించి రాసింది నువ్వు. ఎండ ఎక్కుతోంది, లోపలున్నది ముసలిప్రాణం. ఎత్తవే తల్లీ, నీకు దణ్ణం పెడతా."

లోసా కంకర మీద మోకాళ్లూని, రెండు చేతులతో చాప ఎత్తింది. పాత మోకాలు చురుక్కుమంది. చాప కింద తెల్లజుట్టు, చెమటకి అంటుకుపోయి ఉంది. ఫెరెటి తల్లి లెపేకా. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. తన గొంతు తనకి వినపడనివాళ్లు మాట్లాడినట్టు, గట్టిగా, హెచ్చుతగ్గుల్లేకుండా మాట్లాడింది.

"నేనేం ముట్టుకోలేదమ్మా. చదివి ఆపేసేదాన్ని. నా కొడుక్కి ఏ పాపం తెలియదు. ఫోను నాకు వినపడదని, పాత కంప్యూటర్ బాగుచేసి తెచ్చి పెట్టాడు. ఈ బొమ్మ నొక్కు అమ్మా, రోజూ నా మాట కనిపిస్తుంది అన్నాడు. తప్పని తెలియదు. పోయినవాడి పేరు కోర్టులో తీయొద్దు. నన్ను తీసుకెళ్లండి."

చుట్టూ ఉన్న జనం మరో వైపు చూశారు. లోసా ఆమెని పొదివి పట్టుకుని లేపింది. తప్పు మీది కాదు, నాదే అంటూ ఉంది. అవతల వినపడదని కూడా మర్చిపోయి అంటూనే ఉంది.

పైన కోకో కాచారు, రొట్టెలు తెప్పించారు. మేనమామ, పెరెలిని మర్యాదమాటలు మొదలుపెట్టారు. అవి ఒక పట్టాన అయ్యేవి కావు. లోసా తన గదిలోకెళ్లి, సర్వర్ తెరిచి, తను చేర్చిన అయిదో వాక్యం తీసేసింది. నాలుగూ అలాగే ఉంచింది. అవి ఉండాల్సినవే. ఆ తర్వాత ముసలామె వచ్చి ఆ గదిలో, ఫెరెటి కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

సంచీలోంచి నాలుగు బడి పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. "అన్నీ రాసుకున్నా. ఇవి కూడా తీసుకుంటారేమోనని తెచ్చా."

ప్రతి పేజీలో వరసగా తేదీలు, ఒక్కో తేదీ పక్కన ఒక వాక్యం, పెన్సిల్‌తో. వాన పడేలా ఉంది, బట్టలు తీసెయ్. మాత్రలు వేసుకున్నావా. నువ్వుంటే నవ్వేదానివి. తొమ్మిదేళ్లు, ఆదివారాలు తప్ప ఒక్క రోజు పోకుండా. లోసా పేజీలు తిప్పుతూ ఉంటే ఒక్కొక్క వాక్యం ఆమె చేతిలోంచి జారి పక్కనున్న ముసలామె ఒళ్లో పడుతోంది. అన్నీ తల్లికే. తను దారిన పోతూ వేరేవాళ్ల అరుగు మీది మాట విని, తననే పిలిచారనుకుంది. అంతే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫెరెటి మీద కోపమొచ్చింది. ఆయన చేసిన తప్పేమీ కనిపించక, ఆ కోపం ఎక్కడా నిలవలేదు.

మూడో పుస్తకంలో ఒక చోట ఆగిపోయింది. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో పెద్ద ప్రశ్నగుర్తు ఉంది.

"మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కకు."

లెపేకా వంగి చూసింది. "అదా! నాకెప్పుడూ మోకాళ్ల నొప్పి లేదు. మా ఇంటికి మెట్లే లేవు. వాడొచ్చినప్పుడు అడిగితే తల దించుకుని నవ్వాడు, చెప్పలేదు." లోసా ముఖంలోకి చూసింది. తర్వాత, కంకర ఆనినందుకు ఇంకా చేత్తో రాసుకుంటున్న ఆ మోకాలి వంక చూసింది. చాలాసేపు చూసింది. "నీదా?"

లోసా తలూపింది. మూడువేల వాక్యాల్లో ఒకటి. కన్నీళ్లు ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ముసలామె తన ముడుతల చేత్తో ఆ మోకాలి మీద ఒకసారి తట్టింది. తర్వాత నాలుగో పుస్తకం తీసుకుని చివరి పేజీ తెరిచింది. అక్కడ ఒకే వాక్యం ఉంది, రేపు వస్తున్నా, పలుసామి ఉంచు. కింద పేజీ అంతా ఖాళీ. కాగితం వేళ్లు తగిలి తగిలి నల్లబడింది.

"మళ్లీ రాదా ఇది, ఆ తెర మీద?"

రాదని లోసా తల అడ్డంగా ఊపింది.

"పోనీలే. మూడేళ్లు రోజూ చూశా. ఉంచాను కదా నాయనా, నువ్వే రాలేదు అనుకుంటూ చూశా. నాకు ఒక్కటే నిద్ర పట్టనివ్వదు. పొద్దున్నే బయల్దేరే అలవాటు వాడిది, ఏమీ తినడు, ఇంటికొచ్చి తింటానంటాడు. అడిగి మరీ పోయాడమ్మా, ఆకలితో పోయాడు." కళ్లు తుడుచుకుంది. "నీకు తెలిసుంటుంది. ఏమైనా తిన్నాడా ఆ రోజు?"

పెన్సిల్ లోసా వైపు జరిపింది.

కిటికీ అవతల రేవులో ఏదో పడవ కూత పెట్టింది. ఆ శనివారం లోసా ఇంట్లో చాప మీద మూత పెట్టి ఉంచిన పలుసామి సాయంత్రానికి పులిసిపోతే, ఆమె దాన్ని పందులకి వేసింది. ఇరవై ఆరేళ్లలో జరగనిది జరిగినట్టు ఏ చిట్టాలోనూ ఆమె రాసి ఎరగదు. పెన్సిల్ అందుకుని, ఆ ఖాళీ పేజీలో, ఫెరెటి వాక్యం కింద, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"తిన్నాడు. మా ఇంట్లో. పలుసామే. కడుపునిండా తిని మీ దగ్గరికి బయల్దేరాడు."

లెపేకా వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి, మూడేళ్లుగా మోస్తున్నదేదో దింపినట్టు.

"మీదే ఊరు?"

"ఫలేఆసియు," అని రాసింది లోసా.

ఆ రోడ్డు ముసలామెకి తెలుసు. "అయితే మీ ఇల్లు దాటాకే జరిగిందన్నమాట," అంది.

అవునని లోసా తలూపింది, మా ఇల్లు దాటాకే. అంతవరకూ అబద్ధం కాదు.